పాత సైన్సు పరికరాల లోహ భాగాలు శుభ్రం చేయడం: గోదావరి గాలికి తట్టుకునే పద్ధతి

డెల్టాలో పాత సామాన్ల కొట్లలోనూ, పెద్ద ఇళ్ళ అటకల మీదా సైన్సు పరికరాలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. అందులో వింతేమీ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కింద కాలువలు తవ్వాలంటే అడుగడుగునా లెవెల్ చూడాల్సిందే. రాజమండ్రి, కాకినాడల్లో పందొమ్మిదో శతాబ్దం నుంచే కాలేజీలున్నాయి, వాటికి ల్యాబులున్నాయి. అలా నేల ఎత్తుపల్లాలు చూసే డంపీ లెవెళ్ళు, కోణాలు కొలిచే థియోడొలైట్లు, ఇత్తడి మైక్రోస్కోపులు, గాజు పెట్టె త్రాసులు, కరెంటు కొలిచే టాంజెంట్ గాల్వనోమీటర్లు ఈ నేలకి చేరాయి. కొన్ని లండన్ సరుకు, కొన్ని 1830లో పెట్టిన కలకత్తా మ్యాథమెటికల్ ఇన్‌స్ట్రుమెంట్ ఆఫీసు ముద్రతో ఉండేవి, చాలావరకు తర్వాత రోజుల్లో అంబాలా నుంచి వచ్చినవి.

అలాంటిదొకటి చేతికి రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని చింతపండు నానబెట్టడం. నా ఉద్దేశంలో ఈ పరికరాలకి తుప్పు చేసిన చెడుపుకంటే మన వంటింటి పనితనం చేసిన చెడుపే ఎక్కువ. తణుకు దగ్గర అజ్జరం పనివాళ్ళ చేతిలో బిందె ఎంత మెరిసినా మంచిదే, అది బిందె కాబట్టి. పరికరం సంగతి వేరు. దాని మీద తయారీదారు వేసిన పూత, చెక్కిన గీత, లాత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద తీసిన గరుకు కూడా పరికరంలో భాగమే. అవి ఒకసారి పోతే తిరిగి రావు. కాబట్టి ఈ పనిలో గురి మెరుపు మీద పెట్టకండి. పాడవడం ఆగాలి, కదలాల్సినవి కదలాలి, చదవాల్సిన అంకెలు కనబడాలి. అంతవరకూ వస్తే పని అయినట్టే.

ముందు చూడండి

మొదటి రోజు పరికరాన్ని ముట్టుకోకుండా చూడటానికే కేటాయించండి. మంచి వెలుతురులో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఒక చిన్న అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. పైన తెల్లగా మెరిసే నికెల్ పూత ఉన్నా, అయస్కాంతం గట్టిగా అంటుకుంటే లోపల ఉక్కు, అంటీ అంటనట్టుంటే లోపల ఇత్తడి అనుకోవచ్చు.

తర్వాత చూడాల్సింది పూత. పాత ఇత్తడి పరికరాలకి లక్కని స్పిరిట్‌లో కరిగించి, బంగారు రంగు కోసం ఏదో ఒక చెట్టు రంగు కలిపి, సన్నని పొరగా పూసేవారు. లెన్సు పెట్టి చూస్తే పూత ఉన్నచోట ఇత్తడి తేనె రంగులో ఉంటుంది. పూత లేచిపోయినచోట గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. రెండింటికీ మధ్య సన్నని అంచు ఉంటుంది. ఆ అంచు కనబడిందంటే మీ చేతిలో అసలు పూత ఉన్నట్టే. స్పిరిట్, అసిటోన్, థిన్నర్ ఆ గదిలోకే తీసుకురాకండి.

సర్వే పరికరాల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఎండలో పనిచేసే మనిషి కళ్ళు చెదరకుండా థియోడొలైట్లు, లెవెళ్ళ ఇత్తడిని రసాయనాలతో కావాలనే నల్లగానో ముదురు గోధుమరంగులోనో చేసేవారు. అది మకిలి అనుకుని పసుపుపచ్చగా తేలేదాకా తోమేసిన పరికరాలు కొల్లలు. గుంటల్లోనూ అంచుల కిందా కూడా ఆ నలుపు సమంగా ఉందా? అయితే అది మకిలి కాదు.

కొన్నింటిని అసలు విప్పకండి. గాలి ఒత్తిడి కొలిచే ఫోర్టిన్ బారోమీటరు లాంటి పాదరసం ఉన్నవి, రాత్రి వెలిగే రంగు పూసిన పాత దిక్సూచులు, ఆస్బెస్టాస్ ఉన్న వేడి పెట్టెలు ఈ జాబితాలోవి. ఆ వెలిగే రంగులో రేడియం ఉండే అవకాశం ఉంది, గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇత్తడి మీద అకారణంగా వెండిలా తెల్లటి మరక కనిపిస్తే ఎప్పుడో పాదరసం తగిలిందని అనుమానించండి.

ఎప్పుడు, ఎక్కడ

సంక్రాంతి వెళ్ళాక మాఘ ఫాల్గుణాలు ఈ పనికి మంచి కాలం. వానాకాలంలో తడిపిన ఉక్కు మన కళ్ళముందే ఎర్రబడుతుంది. కార్తీకంలో తుఫాను గాలి వీచే రోజుల్లో, ముఖ్యంగా నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు, ఏదీ విప్పి ఉంచకండి. గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు ఇత్తడి మీద ఏం చేస్తుందో కింద చెబుతాను.

పశువుల పాకకి ఆనుకున్న గది వద్దు. ఇది చాదస్తం కాదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇండియాలో సైన్యం తూటాల ఇత్తడి గుల్లల్ని వానాకాలంలో గుర్రపు శాలల్లో దాస్తే, వాడకుండానే పగుళ్ళిచ్చాయి. పశువుల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, లోహం లోపల మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే ఇత్తడి చీలుతుందని 1921లో తేల్చారు. పరికరాల్లో సాగదీసి చేసిన సన్నని ఇత్తడి గొట్టాలకీ ఆ ప్రమాదం ఉంది. అమ్మోనియా కలిపిన డబ్బా పాలిష్‌లు వద్దనడానికి ఇదొక కారణం.

బల్ల మీద లేతరంగు పాత దుప్పటి పరిచి, చుట్టూ అంచులు కాస్త పైకి మడవండి. జారిన స్క్రూ కింద పడి దొర్లిపోదు.

విప్పడం

పాత స్క్రూల గాడి సన్నగా, గోడలు నిటారుగా ఉంటాయి. బజార్లో దొరికే స్క్రూడ్రైవర్ కొన ఏటవాలుగా ఉండటం వల్ల గాడి పై అంచు మీదే ఆనుతుంది. తిప్పగానే జారి అంచు చెక్కుకుపోతుంది. ఆకురాయితో కొనని గాడికి అచ్చంగా సరిపోయేట్టు అరగదీసుకోండి. ఈ ఒక్క పనికీ ఒక పూట పట్టినా దండగ కాదు.

బిగుసుకున్న స్క్రూకి బలం చూపించకండి. గాడిలో కొబ్బరి ఈనెతో ఒక చుక్క పల్చటి తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున ముందు కాస్త బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి. అయినా రాకపోతే మళ్ళీ నూనె వేసి, మళ్ళీ రాత్రంతా ఉంచండి.

అప్పట్లో ఒక్కో స్క్రూని దాని రంధ్రానికి తగ్గట్టు చేత్తో సరిచేసేవారు. చూడటానికి ఒకేలా ఉన్న నాలుగు స్క్రూలు ఒకదాని రంధ్రంలో ఇంకొకటి సరిగ్గా కూర్చోవు. అట్టముక్క మీద పరికరం బొమ్మ గీసి, ఏ రంధ్రం స్క్రూని అక్కడే గుచ్చండి. టెలిస్కోపు కంటిగాజు దగ్గర నాలుగు చిన్న స్క్రూలతో పట్టి ఉన్న బిళ్ళని మాత్రం కదపకండి. దానిలో అడ్డగీతలుగా బిగించినవి చాలా పాత పరికరాల్లో నిజమైన సాలీడు దారాలు. ఊదినా తెగుతాయి. నీటిబుడగ గొట్టాన్ని కూడా దాని ఇత్తడి తొడుగులోనే ఉండనివ్వండి.

జిడ్డు వదిలించడం

డెబ్బై ఎనభై ఏళ్ళ గ్రీజు తేనెమైనంలా గట్టిపడి, కొన్నిచోట్ల పచ్చగా మారి ఉంటుంది. నూనెలోని ఆమ్లాలు రాగిని తిన్నందువల్ల వచ్చిన రంగది. కిరసనాయిలు ఇప్పుడు దొరకడం కష్టమైంది కాబట్టి పెయింటు కొట్లో టర్పెంటాయిలు అడగండి. అది లక్క పూతని కరిగించదు. మెత్తటి బ్రష్షుతో రాసి, కాసేపు నాననిచ్చి, పాత నూలు గుడ్డతో తుడవండి. పళ్ళచక్రాల సందుల్లో గట్టిపడిన దాన్ని చీపురు నుంచి తీసిన కొబ్బరి ఈనె కొన చెక్కి లాగండి. ఇత్తడికంటే ఈనె మెత్తన, గీత పడదు. సూదీ పిన్నీసూ జోలికి పోవద్దు. పెట్రోలు అసలే వద్దు. కిటికీలు తెరవండి, దగ్గర్లో పొయ్యి గానీ అగరొత్తి గానీ ఉండకూడదు, వాడిన గుడ్డలు బయట ఆరేయండి.

ఇక్కడ కోనసీమ వాళ్ళకొక మాట. బిగుసుకున్న ప్రతిదానికీ కొబ్బరి నూనె రాయడం మనకి అలవాటు. ఇత్తడికి మాత్రం రాయకండి. ఆ నూనె పాతబడి చిక్కినకొద్దీ ఆమ్లాలు విడుదలై ఇత్తడిని పచ్చబరుస్తాయి, తర్వాత చక్రాలు కదలకుండా జిగురులా పట్టేస్తాయి.

లక్క పూత ఉన్న ఇత్తడి

ఇది నిదానంగా చేయాల్సిన పని. బ్యాటరీ కొట్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు తీసుకుని, రంగూ వాసనా తక్కువగా ఉన్న గిన్నెల సబ్బు ద్రావణం అర టీస్పూను కలపండి. బోరు నీళ్ళు వద్దు. డెల్టాలో చాలాచోట్ల అవి ఉప్పగా ఉంటాయి, ఆరాక తెల్ల మరక మిగులుతుంది. వేడినీళ్ళు కూడా వద్దు, లక్క వేడికి మెత్తబడుతుంది.

ముందు కనబడని చోట పరీక్షించండి. పీఠం అడుగునో, గొట్టం లోపలికి పోయే భాగంలోనో చూడండి. పుల్లకి చుట్టిన దూదిని ముంచి, పిండి, ఇత్తడి మీద రుద్దకుండా దొర్లించండి. ఇందులో ఉన్న పనితనమంతా ఈ దొర్లించడమే. దొర్లితే మకిలి దూదికి అంటుకుని పైకి లేస్తుంది. రుద్దితే ఆ మకిలిలోని ఇసుకే ఉప్పుకాగితంలా పనిచేసి పూతని గీస్తుంది. పైసా బిళ్ళంత మేర అయ్యాక దూదిని చూడండి. బూడిద రంగో నలుపో వస్తే మకిలి, సాగించండి. బంగారు పసుపు రంగు వచ్చిందంటే పూత లేస్తోంది, అక్కడితో ఆపండి. ప్రతిసారీ కొత్త దూది వాడండి. వెంటనే ఉత్త డిస్టిల్డ్ వాటర్ దూదితో రెండుసార్లు తుడిచి, మెత్తటి గుడ్డతో తేమ అద్దండి.

సబ్బుకి లొంగని వేలిముద్రల జిడ్డుకి మ్యూజియంలలో పనిచేసేవాళ్ళు వాడే చిట్కా ఒకటుంది. ఉమ్మి! అందులోని ఎంజైములు మకిలిని విడగొడతాయి, పూతకి హాని చేయవు. ఎంగిలి అని ఇంట్లో వాళ్ళు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి, తర్వాత ఎలాగూ నీళ్ళ దూదితో తుడుస్తాం. పాదరసం, రేడియం అనుమానం ఉన్నచోట మాత్రం ఈ చిట్కా వద్దు, ఆ దూది నోటి దగ్గరికి తేకూడదు.

శుభ్రమయ్యాక పూత మచ్చలుమచ్చలుగానే కనిపిస్తుంది. అలాగే ఉండనివ్వండి. కొనేవాళ్ళు కూడా మచ్చలున్న అసలు పూతకే ఎక్కువ ఇస్తారు, తళతళలాడే కొత్త ఇత్తడికి కాదు.

పూత పూర్తిగా పోయిన ఇత్తడి

ఎక్కడా పూత జాడ లేదని లెన్సుతో నిర్ధారించుకున్నాకే ఈ భాగం చదవండి. చింతపండు, నిమ్మకాయ, తోముడు పొడులు ఇక్కడా పనికిరావు. ఇత్తడి అంటే రాగీ జింకూ. పులుపు ముందు జింకుని తినేస్తుంది, పైన రాగి మిగిలి గులాబీ రంగు తేలుతుంది. గుడి గంటకి అది పట్టింపు లేకపోవచ్చు. వెర్నియర్, అంటే సన్నని కొలతలు చదివే చిన్న జారుడు స్కేలు, ఉన్న పరికరానికి ఉంది.

కావాల్సింది మందుల తయారీలో వాడే మెత్తని సుద్ద, అంటే ప్రెసిపిటేటెడ్ కాల్షియం కార్బొనేట్. బడి సుద్దముక్క నూరితే అది వేరే సరుకు, గరుకు రేణువులు కూడా ఉంటాయి. ఈ సుద్దని డిస్టిల్డ్ వాటర్‌తో పెరుగులా కలిపి, నూలు గుడ్డతో తేలిగ్గా రాయండి. గుండ్రటి భాగాల మీద లాత్ గీతలు ఏ వైపు తిరిగి ఉన్నాయో ఆ వైపే, బల్లపరుపు భాగాల మీద అసలు గరుకు ఏ దారిన ఉంటే ఆ దారినే చేయి కదలాలి. బఫింగ్ చక్రం కింద పెట్టారంటే పదునైన అంచులు గుండ్రబడతాయి, స్క్రూ రంధ్రాలు గిన్నెల్లా విచ్చుకుంటాయి, తయారీదారు పేరు సగం చెరిగిపోతుంది. తర్వాత ఎంత డబ్బు పోసినా అవి తిరిగి రావు.

చెక్కిన అక్షరాల్లో నల్లటి మైనం నింపి ఉంటే ఆ చుట్టుపక్కల సుద్ద కూడా వద్దు, సబ్బునీళ్ళ దూది చాలు.

పచ్చ చిలుము

గట్టిగా, ముదురు పచ్చగా, లోహానికి అంటిపెట్టుకుని ఉన్నది పెద్దగా కంగారుపడాల్సింది కాదు. టర్పెంటాయిలుతో మెత్తబరిచి ఈనెతో తీయవచ్చు. లేతపచ్చగా, పిండిలా రాలుతూ, తుడిచిన కొద్ది రోజులకే మళ్ళీ అదేచోట పొంగేదాన్ని చూస్తే మాత్రం జాగ్రత్త పడాలి. అది సముద్రపు గాలిలోని క్లోరైడు పని. తేమ ఉన్నంతకాలం అది లోపలికి తొలుచుకుంటూనే పోతుంది.

పూత లేని చిన్న భాగమైతే పొడిని ఈనెతో తీసి, భాగాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. రోజూ నీళ్ళు మార్చండి. క్లోరైడు అయిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఇంటర్ ల్యాబులో చేసిన పరీక్షే చేయొచ్చు. తీసిన నీళ్ళలో చుక్క పల్చటి నత్రికామ్లం, చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే పాలలా తెల్లబడిందంటే ఉప్పు ఇంకా వస్తోందని అర్థం. తేటగా ఉండేదాకా సాగించి, బాగా ఆరబెట్టండి. పూత ఉన్న భాగాన్ని ఇలా నానబెట్టలేం. పొడి తీసేసి, పొడి గాలిలో ఉంచి కనిపెట్టుకుని ఉండటమే మార్గం.

తెల్లటి స్కేళ్ళు, తూకం రాళ్ళు

వెర్నియర్ పలకలు, దిక్సూచి వలయాలు తెల్లగా కనిపించేది ఇత్తడి మీద రుద్దిన వెండి పొర వల్ల. అది నమ్మలేనంత పల్చన. ఏ పాలిష్ రాసినా, సుద్ద రాసినా ఒక్క నిమిషంలో పసుపు తేలుతుంది, గీతల్లోని నల్ల మైనం కూడా పోతుంది. నల్లబడినా సరే, అంకెలు చదవగలిగితే వదిలేయండి. దుమ్ముని మెత్తటి కుంచెతో తోసి, తప్పకపోతే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి బాగా పిండిన దూదిని ఒక్కసారి దొర్లించండి.

త్రాసు పెట్టెలోని తూకం రాళ్ళకి పాలిష్ పెట్టడం మరీ అన్యాయం. రుద్దిన ప్రతిసారీ ఇత్తడి కొంత పోతుంది, బరువు తగ్గుతుంది, ఆ తర్వాత దాని మీద అంకె అబద్ధం. చిమటాతో పట్టుకుని దుమ్ము దులపండి. చేత్తో ముట్టుకోవద్దు.

ఇనుము, ఉక్కు

పైపైన ఉన్న తుప్పుకి పల్చటి నూనె, మిక్కిలి సన్నని స్టీల్ ఉన్ని, ఓపిక చాలు. నీలిరంగు స్క్రూ తలలు కనిపిస్తే వాటిని వదిలేయండి. ఉక్కుని దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి తెప్పించిన రంగది. ఆమ్లం తగిలితే పోతుంది.

గుంటలు పడేంత తుప్పున్న ఇనుప పీఠాలకీ త్రిపాద భాగాలకీ రెండు దారులున్నాయి. ఒకటి కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు. లీటరుకి 50 గ్రాములు కలిపి ముంచి, అరగంటకోసారి తీసి బ్రష్షు కొట్టండి. తుప్పు వదలగానే బయటికి తీయాలి, మర్చిపోతే ఇనుమునే తింటుంది. తర్వాత తినేసోడా నీళ్ళలో, ఆ తర్వాత మంచినీళ్ళలో కడగండి.

రెండోది కరెంటు దారి. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు నీటికి ఒక టేబుల్‌స్పూను చాకలి సోడా కలపండి. తుప్పు వస్తువుకి 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగటివ్, పక్కన వేలాడే పనికిరాని ఇనుప ముక్కకి పాజిటివ్ తగిలించండి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. తీగలు మార్చిపెట్టారంటే కరిగిపోయేది మీ వస్తువే, అందుకని స్విచ్ వేసేముందు రెండోసారి చూసుకోండి. ఆ ఇనుప ముక్క స్థానంలో స్టీల్ గరిటె పెట్టకండి. స్టెయిన్‌లెస్ స్టీల్ నుంచి విషపూరితమైన క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట నీడలో పెట్టండి. కొత్త చార్జర్లు కొన్ని బ్యాటరీ కనబడకపోతే పనిచేయవు, మెకానిక్ దగ్గర పాత రకం అడగండి.

స్ప్రింగులనీ గట్టిపరిచిన ఉక్కునీ ఈ రెండిట్లో దేనిలోనూ వేయకండి. హైడ్రోజన్ ఉక్కులోకి దూరి, తర్వాతెప్పుడో పుటుక్కున విరుగుతాయి. ఇత్తడి, అల్యూమినియం కలిసి ఉన్న భాగాల్ని కూడా వేయొద్దు.

తడి ఇనుముని ఆరనిద్దాం లెమ్మని వదిలేస్తే మన గాలికి గంటలోపే ఎర్ర పొర కమ్ముతుంది. నీళ్ళలోంచి తీయగానే గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయర్‌తో వేడి తగిలేదాకా ఆరబెట్టి, ఆ వెచ్చదనం ఉండగానే నూనెగుడ్డతో తుడవండి.

మిగిలినవి

నికెల్ పూతకి సబ్బునీళ్ళు చాలు. పూత పొక్కినచోట గీకితే పొక్కు పెరుగుతుంది. నల్ల ఎనామెల్ రంగుకి స్పిరిట్ తగలనివ్వకండి. గాల్వనోమీటర్ టెర్మినళ్ళ కింద ఉండే నల్లటి ఎబొనైట్‌ని నానబెట్టవద్దు. అది గంధకం కలిపిన రబ్బరు. వెలుతురుకి పాతబడిన ఎబొనైట్ మీద నీళ్ళు పోస్తే ఆమ్లం తేలి పక్కనున్న ఇత్తడిని తింటుంది.

ఆరబెట్టడం, కాపాడటం

బిగించేముందు అన్ని భాగాలూ ఒక రోజంతా పొడి గదిలో ఉండాలి. ఏసీ ఉన్న గది దొరికితే అదృష్టం. ఇత్తడికి మైక్రోక్రిస్టలిన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే సన్నని రేణువుల మైనం) కొద్దిగా రాసి, ఆరాక మెత్తటి గుడ్డతో తుడవండి. కారు పాలిష్ వాడకండి, చాలావాటిలో గరుకు పొడి కలిపి ఉంటుంది. కదిలే భాగాలకి కుట్టుమిషను నూనె ఈనె కొనతో ఒక చుక్క, పళ్ళచక్రాలకి లిథియం గ్రీజు అద్దీ అద్దనట్టు. లెన్సు దగ్గర ఏదీ వద్దు.

దాచేది అసలు టేకు పెట్టెలోనే అయినా, లోపల సిలికా జెల్ సంచులు పెట్టండి. రంగు మారే గింజలైతే ఎప్పుడు తేమ పట్టాయో తెలుస్తుంది. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. బియ్యం మూట దీనికి బదులు కాదు, పైగా పురుగు చేరుతుంది. రబ్బరు బ్యాండ్లు, స్పాంజి ముక్కలు, ఉన్ని గుడ్డ పెట్టెలో ఉంచకండి. వాటి గంధకం వెండి స్కేలుని నల్లబరుస్తుంది.

జూన్ నుంచి నవంబరు దాకా నెలకోసారి పెట్టె తెరిచి స్కేలు అంచులు, స్క్రూ తలలు, గొట్టం లోపలి అంచు చూడండి. లేతపచ్చ పొడి మొదట కనిపించేది అక్కడే. మీరు ఏ భాగానికి ఏం వాడారో, ఎక్కడ ఆపారో తేదీతో ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి పెట్టె మూతకి లోపల ఉంచండి. రేపు ఇంకెవరైనా దాన్ని విప్పితే, ఆ పసుపు పూత అసలుదా తర్వాత వేసిందా అని తడుముకోనక్కర్లేదు.